కేస్ షీట్‌లో ఏది రాయాలి, ఎంత రాయాలి?

తెల్లకోటు (ప్రశ్న అడిగినవారు):

నమస్కారం. నేను హౌస్ సర్జన్‌ని. ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో మెడిసిన్ యూనిట్‌లో చేరి ఇది మూడో నెల. ఈ మధ్య ఒక రాత్రి డ్యూటీలో జరిగినది చెప్పి, మీ అందరినీ ఒక మాట అడగాలని ఉంది.

ఆ రోజు 8 గంటలకు డ్యూటీ తీసుకున్నాను. ఆడవాళ్ల వార్డులో 39 మంది. పద్నాలుగో మంచం గురించి నాకు అప్పగింతలో చెప్పింది ఒక్కటే: "పాము కాటు, బాగానే ఉంది." ఇద్దరు ఆయాసం రోగులను చూసి ఆ మంచం దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. నలభై ఏళ్ల ఆవిడ. వరి నాట్లకు వెళ్తుంటే గట్టు మీద కుడి పాదానికి కరిచింది. కాలు మోకాలి దాకా వాచి నున్నగా మెరుస్తోంది. పళ్ల సందుల్లో సన్నగా రక్తం. కేస్ షీట్ తెరిచాను. పగటి నోట్‌లో ఉన్నది ఇంతే: పాము కాటు, ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు) ఇచ్చాం, నాడి, బీపీ నిలకడగా ఉన్నాయి, సి.ఎస్.టి. అంటే ఇదే వైద్యం కొనసాగించమని.

ఏ వైద్యం కొనసాగించాలి? విరుగుడు ఎన్ని సీసాలు ఎక్కించారు? ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది? రక్తం గడ్డకట్టే పరీక్ష చేశారా, చేస్తే ఏమని వచ్చింది? వచ్చినప్పుడు వాపు ఎక్కడిదాకా ఉంది? ఈ ఆఖరిది తెలియకపోతే వాపు పాకుతోందో ఆగిందో నేనెలా చెప్పగలను?

వీటికి జవాబులు చెప్పింది ఆమె భర్త. మంచం పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. "పొద్దున పదింటికి కరిచిందమ్మా. ఆటోలో ఇక్కడికి వచ్చేసరికి పన్నెండు దాటింది. సిస్టరమ్మ తెల్ల పొడి సీసాల్లో నీళ్లు ఎక్కించి, ఒక్కోటీ చేత్తో తిప్పుతూ కరిగించింది. పది సీసాలు. నేను లెక్కపెట్టాను. అన్నం బండి వచ్చిన వేళకు ఎక్కించడం మొదలుపెట్టారు, రెండింటిలోపే అయిపోయింది" అన్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి కాగితపు పొట్లం ఒకటి తీసి విప్పాడు. అందులో ఆమె వెండి పట్టీ, రెండు మెట్టెలు. "వచ్చినప్పుడు పట్టీ వదులుగానే ఉంది. మూడింటికి కాలిని కోసేస్తున్నట్టు పట్టేసింది. సిస్టరమ్మే తీయించింది" అన్నాడు. ఆ కాలు ఎంత వేగంగా వాచిందో నేను ఆ పట్టీని చూసి తెలుసుకున్నాను, కేస్ షీట్ చూసి కాదు.

9:40కి రక్తం తీసి గాజు గొట్టంలో పోసి పక్కన పెట్టాను. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, పది గంటలకు వంచితే నీళ్లలా జారిపోయింది. పీజీ గారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చి చూశాక రెండో విడత విరుగుడు మొదలుపెట్టాం. ఆరో రోజు ఆమె తన కాళ్లతో నడిచి ఇంటికి వెళ్లింది. కానీ ఆ పరీక్ష మళ్లీ చేయాల్సింది రాత్రి ఏడింటి ప్రాంతంలో. కాగితం మీద వేళ లేనందువల్ల దాదాపు మూడు గంటలు పోయాయి.

పగలు డ్యూటీ చేసినవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మర్నాడు నా నోట్లు నేనే తీసి చదువుకున్నాను. ఒక వారంలో 26 రాశాను. అందులో 19 ఒకేలా ఉన్నాయి: జ్వరం లేదు, నిలకడగా ఉన్నారు, సి.ఎస్.టి. చదువుతుంటే ఏ నోట్ ఎవరిదో నాకే గుర్తు రాలేదు. ఆ రాత్రి నాకు ఎదురైన ఖాళీని నేను ఎంతమందికి మిగిల్చి ఉంటానో అనిపించింది.

ఒక సీనియర్ "అంత పొడుగ్గా రాస్తే చదివేదెవరు" అంటారు. ఇంకొకరు "రేపు కోర్టులో అడుగుతారు, అన్నీ రాయి" అంటారు. నలభై మంది ఉన్న వార్డులో ఒక్కొక్కరికి రాయడానికి మూడు నిమిషాలు దొరికితే ఎక్కువ. ఆ మూడు నిమిషాల్లో ఏది రాయాలి, ఏది వదిలేయాలి? ఇంకొకటి కూడా ఉంది. రోగులు తెలుగులో చెప్పింది నేను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మధ్యలో ఏదో జారిపోతున్నట్టు ఉంటుంది. దానికి మీరేం చేస్తారు?

—

పాత స్టెతస్కోపు:

అమ్మా, నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెడిసిన్ చూసి రిటైర్ అయ్యాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ సీనియర్లు ఇద్దరూ నోట్‌ను ఎవరు చదువుతారన్న దగ్గరే దారి తప్పారని నా అభిప్రాయం. దాన్ని చదివేది రాత్రి పదింటికి, నిద్ర కళ్లతో, ఆ రోగిని మొదటిసారి చూస్తున్న డాక్టరు. మొన్న ఆ డాక్టరు మీరు. రాసేటప్పుడు ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అతనికి ఏది అవసరమో అది రాయండి, మిగతాది వదిలేయండి.

కోర్టు సంగతి ముందు తేల్చేస్తాను. 1995లో వి.పి. శాంత కేసులో ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి మనవాళ్లు భయంతో రాయడం మొదలుపెట్టారు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి ప్రకారం లోపల చేర్చుకున్న రోగి రికార్డును వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గాని, అతని తరఫువారు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవి తెలుసుకోవాలి, పాటించాలి. అంతకుమించి కోర్టు కోసం ప్రత్యేకంగా రాయాల్సింది ఏమీ లేదు. రాత్రి డాక్టరుకు పనికొచ్చే నోట్ న్యాయమూర్తికీ అర్థమవుతుంది. భయంతో నింపిన నాలుగు పేజీలు ఇద్దరికీ పనికిరావు.

ఇక పద్నాలుగో మంచం. ఆ రోజు మధ్యాహ్నం ఆ నోట్ నేను రాసి ఉంటే ఎలా రాసేవాణ్నో ఇక్కడ పెడుతున్నాను. రాసేది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులో చెబుతాను. మీరు చెప్పని అంకెలు ఉదాహరణకు నేను వేసినవి.

"మధ్యాహ్నం 2:00. ఉదయం 10 ప్రాంతంలో వరి గట్టు మీద కుడి పాదానికి కాటు, వేళ భర్త చెప్పింది. పామును చూడలేదు. కాలికి కట్టు కట్టలేదు, నాటు మందు వాడలేదు. 12:15కి వచ్చారు. అప్పుడు వాపు పాదం మీదే. ఇప్పుడు చీలమండ దాటుతోంది. అంచున పెన్నుతో గీత గీసి పక్కన వేళ వేశాను. పట్టీ, మెట్టెలు తీయించాను. నాడి 96, బీపీ 110/70. కనురెప్పలు వాలలేదు. ఒక్క ఊపిరిలో 28 దాకా లెక్కపెట్టింది. వచ్చాక మూత్రం 200 మి.లీ., రంగు మామూలే. 12:20కి తీసిన రక్తం 20 నిమిషాలకు గడ్డకట్టలేదు. ఏఎస్‌వీ 10 సీసాలు, 12:45 నుంచి 1:45 వరకు. దద్దుర్లు, ఆయాసం రాలేదు. అంచనా: రక్తం గడ్డకట్టనివ్వని విషం, రక్తపింజర కావచ్చు. నరాల మీద ప్రభావం ఇంతవరకు లేదు. ఇకముందు: రాత్రి 7కి మళ్లీ గడ్డకట్టే పరీక్ష. గడ్డకట్టకపోతే రెండో విడత. గంటకోసారి వాపు అంచు, మూత్రం చూడాలి. చిగుళ్లలో రక్తం, కనురెప్పలు వాలడం, మూత్రం తగ్గడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా డ్యూటీ డాక్టరును పిలవాలి."

చేత్తో రాస్తే నాకు మూడు నిమిషాలు పట్టింది. గడియారం పెట్టుకునే రాశాను.

ఇందులో ఏం చేశానో గమనించండి. ప్రతి సంగతికీ ఒక వేళ ఉంది. నాడి, బీపీ "నిలకడగా" అనకుండా అంకెలు వేశాను. ఈ మధ్యాహ్నం 110/70 ఉన్నది రాత్రి 96/60 అయితే, రెండూ విడివిడిగా చూసినప్పుడు "నిలకడే" అనిపిస్తాయి. జారుతున్నది కనిపించాలంటే రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి. లేనివాటిలో కూడా అన్నీ రాయలేదు. గుండె చప్పుడులో తేడా లేదు, కాలేయం తగలలేదు అని రాస్తూ పోలేదు. కనురెప్పలు వాలలేదని మాత్రం రాశాను. ఎందుకంటే అవి వాలితే అది నాగుపామో కట్లపామో అయ్యుండవచ్చు, అప్పుడు వైద్యమే మారిపోతుంది. ఏది లేకపోవడం వల్ల నా నిర్ణయం ఇలా ఉందో, ఆ లేనిదాన్ని రాయాలి.

నోట్లలో మనవాళ్లు తరచూ వదిలేసేది "అంచనా". రోగి చెప్పింది రాస్తారు, చూసింది రాస్తారు, మందులు రాస్తారు. ఆ మందులు ఎందుకిచ్చారో రాయరు. 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మెడికల్ రికార్డుల గురించి రాశారు. రోగి సమస్యలకు వరుస సంఖ్యలు వేసి, ఒక్కో సమస్యకు రోగి చెప్పింది, మనం చూసింది, మన అంచనా, చేయబోయేది అని విడదీసి రాయాలన్నారు. ఆ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి మీరు కాలేజీలో సోప్ అని నేర్చుకున్నది అదే. చాలామంది దాన్ని నింపాల్సిన ఫారంలా చూస్తారు. వీడ్ కోరింది డాక్టరు ఆలోచన కాగితం మీద కనిపించాలని, ఇంకొకరు దాన్ని పట్టుకుని ప్రశ్నించగలగాలని. "రక్తపింజర కావచ్చు" అని నేను రాస్తే, కనురెప్పలు వాలడం చూసిన రాత్రి డాక్టరు "కాదేమో" అనగలడు. ఏమీ రాయకపోతే కాదనడానికి అతని చేతిలో ఏముంటుంది?

తెలియనిది తెలియదని రాయడానికి సిగ్గుపడవద్దు. "జ్వరానికి కారణం ఇంకా తెలియలేదు. డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ మూడూ మనసులో ఉన్నాయి" అన్న నోట్ నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. తెలియకుండానే "వైరల్ జ్వరం" అని రాసేస్తే, మూడు రోజుల పాటు ఎవరూ మళ్లీ ఆలోచించరు.

తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీయండి. కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి. పక్కన సరైనది రాసి, తేదీ, వేళ వేసి సంతకం చేయండి. తెల్ల రంగు పూయడం, అంకెను దిద్ది ఇంకో అంకె చేయడం ఎప్పుడూ వద్దు. ఆలస్యంగా రాస్తే "ఇప్పుడు రాస్తున్నాను, జరిగింది ఫలానా వేళకు" అని నిజం రాయండి.

—

వార్డు సిస్టర్:

డాక్టరమ్మా, 22 ఏళ్లుగా వార్డుల్లో పనిచేస్తున్నాను. మీరు ఆ ఆయన మాట విని, ఆ పొట్లం దాకా చూశారు. అది నాకు చాలా నచ్చింది. మా వైపు నుంచి కొన్ని చెబుతాను.

"అవసరమైతే పిలవండి" అని రాస్తారు. ఏది అవసరం? కొత్తగా చేరిన అమ్మాయికి అది ఎలా తెలుస్తుంది? ఆ పిల్ల అర్ధరాత్రి మిమ్మల్ని లేపాలా వద్దా అని అరగంట తటపటాయిస్తుంది. "పై బీపీ 90 కంటే తగ్గినా, మూత్రం గంటకు 30 మి.లీ. కంటే తగ్గినా పిలవండి" అని రాస్తే ఆ అరగంట మిగులుతుంది. అంకె ఉంటే మాకు ధైర్యం. మిమ్మల్ని లేపినందుకు ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేరు.

"నొప్పి ఉంటే ఇంజెక్షన్" అని రాసినప్పుడు రోజుకు ఎన్నిసార్ల వరకు, రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉండాలో కూడా రాయండి.

ఇన్సులిన్ విషయంలో చేతులు జోడించి అడుగుతున్నాను. యూనిట్లు అని రాయడానికి ఇంగ్లీషు అక్షరం యు ఒక్కటే అంకెకు ఆనించి వేయవద్దు. తొందరలో రాస్తే అది సున్నాలా కనిపిస్తుంది. 4 యూనిట్లు కాస్తా 40 అవుతాయి. నా మొదటి సంవత్సరంలో నేను సిరంజిలోకి 40 తీశాను. మంచం మీద ఉన్న పెద్దాయనే "అమ్మా, నిన్నటిదానికంటే ఎక్కువ తీసినట్టున్నావే" అన్నారు. ఆయన అనకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చేయి చల్లబడుతుంది. యూనిట్లు అన్న మాటను పూర్తిగా రాయండి. అర మిల్లీగ్రాము అయితే దశాంశ బిందువుకు ముందు సున్నా పెట్టండి. 5 మిల్లీగ్రాములైతే బిందువు, దాని తర్వాత సున్నా వద్దు, బిందువు చెరిగితే 50 అవుతుంది.

ఫోనులో చెప్పిన మందు మేము రాసుకుని మీకు తిరిగి చదివి వినిపిస్తాం. విసుక్కోకుండా చివరిదాకా వినండి. పొద్దున వచ్చి దాని పక్కన సంతకం చేయండి.

మీ పద్నాలుగో మంచం కథలో పట్టీ తీయించిన సంగతి మా నర్సుల రిపోర్టు పుస్తకంలో ఉండే ఉంటుంది. వాపు పెరిగితేనే పట్టీ తీస్తాం, తీస్తే వేళతో రాస్తాం. డాక్టర్లు ఆ పుస్తకం తెరవరు. ఈసారి నుంచి తెరవండి.

—

తెల్లకోటు:

సార్, సిస్టర్ గారూ, ఇద్దరికీ నమస్కారాలు. సిస్టర్ గారూ, మీరు చెప్పాక వెళ్లి చూశాను. రిపోర్టు పుస్తకంలో ఉంది. "3:10, కుడి కాలి వాపు పెరిగింది, పట్టీ తొలగించాం, డాక్టరుకు చెప్పాం" అని ముత్యాల్లాంటి అక్షరాలు. నాకు నాలుగు అడుగుల దూరంలో, బల్ల మీదే ఉంది ఆ పుస్తకం.

—

ఏజెన్సీ డాక్టర్:

గోదావరి ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. మీ రెండో ప్రశ్న గురించి రాస్తాను. ఎందుకంటే ఆ జారిపోవడం వల్ల నేనొక మనిషికి నష్టం చేశాను.

చాలా ఏళ్ల కిందట, నేను ఇంకో చోట పనిచేస్తున్నప్పుడు, పొద్దున్నే ఒక లారీ డ్రైవరు వచ్చాడు. యాభై దాటినవాడు. పొట్ట పైభాగం మీద అరచెయ్యి పెట్టుకుని "గ్యాస్ పట్టేసింది సార్, రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, చెమటలు పోశాయి" అన్నాడు. ఓపీలో బయట అరవై మంది. నేను చీటీ మీద గ్యాస్ట్రైటిస్ అని రాసి, అసిడిటీ ఇంజెక్షన్ చేయించి, మాత్రలిచ్చి పంపాను. అతను మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. అప్పుడు నా డ్యూటీ కాదు. వేరే డాక్టరు నా చీటీ చూసి, గ్యాస్ట్రైటిసే కదా అని ఇంకో ఇంజెక్షన్ చేయించారు. సాయంత్రానికి ఆయాసంతో వచ్చాడు. అప్పుడు తీసిన ఈసీజీలో గుండె కింది గోడకు వచ్చిన గుండెపోటు స్పష్టంగా ఉంది. 108లో పంపాం. బతికాడు. మళ్లీ లారీ ఎక్కలేకపోయాడు.

ఈసీజీ తీయకపోవడం నా మొదటి తప్పు. దాన్ని రెండో డాక్టరు కూడా చేసేలా చేసింది నా చీటీ. అతని మాట రాయాల్సిన చోట నేను జబ్బు పేరు రాశాను. రాత్రి రెండు, నిద్రలో మెలకువ, చెమటలు అని మూడు ముక్కలు ఆ చీటీ మీద ఉంటే మధ్యాహ్నం చూసినవారు ఆగి ఆలోచించేవారు.

అప్పటి నుంచి మొదటి లైను రోగి మాటల్లోనే, తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఇంగ్లీషు నోట్ మధ్యలో "గ్యాస్ పట్టేసింది" అని తెలుగులో ఉంటే అభ్యంతరపెట్టినవారు ఇంతవరకు లేరు. దాని కింద నేను అడిగి తెలుసుకున్నది ఇంగ్లీషులో రాస్తాను. మన మాటలకు సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు మాటలు ఉండవు. "కళ్లు తిరుగుతున్నాయి" అంటే చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నాయనా, లేవగానే కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయనా, అడుగు తడబడుతోందనా? ఆ మూడూ మూడు దారులు. "ఆయాసం" అన్నవాళ్లలో కొందరికి నిజంగా ఊపిరి అందడం లేదు, కొందరు అలసటను అలా అంటారు. తెలంగాణ నుంచి వచ్చినవారు "దమ్ము వస్తోంది" అంటే అది ఊపిరి సంగతే. "తిమ్మిరి" అంటే చీమలు పాకినట్టు ఉండటమా, తాకితే తెలియకపోవడమా? "వేడి చేసింది" అన్న మాట వెనుక మూత్రంలో మంట ఉండవచ్చు, నోటిపూత ఉండవచ్చు, విరేచనాలు ఉండవచ్చు. చెప్పడానికి సిగ్గుపడే సంగతీ ఉండవచ్చు.

నేను వేసే ప్రశ్న ఒకటే: "అంటే ఎలా ఉందో చేత్తో చూపించు." పిడికిలి బిగించి రొమ్ము మీద పెడితే అది రాస్తాను. ఒక్క వేలితో ఒక్క చోట చూపిస్తే అదీ రాస్తాను.

—

అమ్మ మందుల డబ్బా:

నేను డాక్టరును కాను. బ్యాంకులో పనిచేస్తాను. మా అమ్మకు పన్నెండేళ్లుగా కీళ్లవాతం. ఆసుపత్రి నుంచి వచ్చే కాగితాలు చదివేది నేనే కాబట్టి రాస్తున్నాను.

అమ్మ మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని మొదటి రోజే డాక్టరు గారు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. చీటీ మీద ఇంగ్లీషులో రాశాక, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని రాసి కింద గీత గీశారు. అమ్మ ఐదో తరగతి చదివింది. ఆ రెండు మాటలు చదవగలదు.

నాలుగేళ్ల కిందట న్యుమోనియా వచ్చి వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో చేరింది. ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జ్ కార్డులో పదకొండు మందులు వరుసగా టైపు చేసి ఇచ్చారు. మెథోట్రెక్సేట్ పక్కన "రోజుకు ఒకటి" అని ఉంది. మిగతా పదింటికీ ఉన్న మాటే దానికీ వచ్చిందనుకుంటాను. నేను చూడలేదు. మందుల షాపులో చూడలేదు. రాత్రి అమ్మ మాత్ర చేతిలోకి తీసుకుని "ఇవాళ బుధవారం కదరా, ఇది ఆదివారం మాత్ర కదా" అంది. పాత చీటీ డబ్బాలో అడుగున మడతపెట్టి ఉంది. తీసి పక్కన పెట్టి చూసుకున్నాం.

డాక్టర్లందరినీ ఒకటే అడుగుతున్నాను. డిశ్చార్జ్ కార్డు చదివేది మేమే. ఏ మందు కొత్తగా చేర్చారు, ఏది ఆపేశారు, ఏది మార్చారు అన్నది విడిగా రాయండి. ఏమైతే వెంటనే రావాలో తెలుగులో రెండు వాక్యాలు రాయండి. టైపులో కుదరకపోతే పెన్నుతోనైనా రాయండి.

—

ఒహాయో నుంచి:

గుంటూరులో చదివి ఇక్కడ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మాకు కేస్ షీట్లు లేవు, అంతా కంప్యూటర్. దస్తూరీ గొడవ పోయింది కానీ ఇంకో జబ్బు వచ్చింది. నిన్నటి నోట్‌ను ఒక్క నొక్కుతో ఇవాళ్టికి తెచ్చుకోవచ్చు. రెండో రోజే తీసేసిన మూత్రపు గొట్టం ఆరో రోజు నోట్‌లో కూడా "ఉంది" అని ఉంటుంది. మీ సి.ఎస్.టి. మూడు అక్షరాల్లో దాచిన దాన్ని మేము ఆరు పేజీల్లో దాస్తున్నాం. మీ దగ్గరా కంప్యూటర్లు వస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను: మిగతాది ఎలా తెచ్చుకున్నా సరే, అంచనా మాత్రం ప్రతిరోజూ కొత్తగా టైపు చేయండి.

2021 ఏప్రిల్ 5 నుంచి ఇక్కడ రోగులు తమ నోట్లను తమ ఫోనులోనే చదువుకోవచ్చు. దాంతో నా రాత మారింది. "రోగి మందులు సరిగ్గా వాడడు" అని అంతకుముందు చాలాసార్లు రాశాను. ఒకాయన అది చదివి వచ్చి, "ఇన్సులిన్ కొనలేక రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను, మీరు అడగలేదు" అన్నారు. ఆయన మాటే నోట్‌లో రాశాను. సోషల్ వర్కర్ అది చూసి తక్కువ ధరకు వచ్చే దారి వెతికారు. మొదటి వాక్యం చదివి ఎవరూ ఏమీ చేయలేదు, చేయడానికి అందులో ఏమీ లేదు.

—

తెల్లకోటు:

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా ప్రయత్నిస్తున్నాను. నోట్‌కు మూడు నిమిషాలు నాకు సరిపోవడం లేదు, ఐదు పడుతోంది. అందుకని అందరికీ అంత రాయడం లేదు. బాగా ఉన్నవారికి రెండు లైన్లు, అంకెలతో. ఆ రోజు నన్ను భయపెడుతున్న ఐదారుగురికి పూర్తిగా. డ్యూటీ దిగేటప్పుడు రాత్రివారిని వెంటబెట్టుకుని ఆ ఐదారు మంచాల దగ్గరికే వెళ్లి చెబుతున్నాను.

నిన్న ఒక పెద్దావిడ "గుండెల్లో ఎవరో రోకలి పెట్టి ఒత్తినట్టుంది" అన్నారు. అలాగే తెలుగులో రాశాను. పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారు కేస్ షీట్ తీసుకుని, ఆ లైను దగ్గర ఆగి, ఆమెను మళ్లీ ఆ మాటే చెప్పమని అడిగారు. చెప్పించుకుని పక్కనే ఉన్న ఆరుగురు విద్యార్థులను ముందుకు పిలిచారు.

మొన్న ఇంకో పాము కాటు వచ్చింది. వాపు అంచున గీత గీసి వేళ వేశాను. పొద్దునకల్లా ఆ గీత చెరిగిపోయింది. వాళ్లమ్మ తడిగుడ్డతో కాలు తుడిచిందట. సార్, మీరైతే దీనికి ఏం చేస్తారు?

—

పాత స్టెతస్కోపు:

గీతతో పాటు టేపుతో కొలత కూడా తీసుకోండి అమ్మా. మోకాలి చిప్ప కింది అంచు నుంచి 10 సెం.మీ. దిగువన పిక్క చుట్టుకొలత, రెండు కాళ్లకూ. ప్రతిసారీ అదే చోట కొలవాలి. చోటు కూడా నోట్‌లో రాయండి, లేకపోతే రాత్రివారు 8 సెం.మీ. దగ్గర కొలుస్తారు. దర్జీ టేపు చాలు. సిస్టర్‌ను అడిగితే ట్రేలో ఒకటి పెట్టి ఉంచుతారు.